వెలిసిపోయిన చెర్రీరంగు
విద్యుత్ గిటారు కథ: 6వ భాగం

1958లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కాలమజూ ఊళ్లో ఉన్న గిబ్సన్ కంపెనీ పెద్దలు తమ సరుకు ఒకటి ఎందుకు కదలడం లేదా అని తలపట్టుకున్నారు. ఆ సరుకు లెస్ పాల్ మోడల్ గిటారు. 1952లో బంగారు రంగు పూతతో బజారులోకి దించినప్పుడు జనం ఎగబడి కొన్నారు. ఆరేళ్లు తిరిగేసరికి అమ్మకాలు సగానికంటే దిగువకు జారిపోయాయి. బరువెక్కువని కొందరు, ఖరీదెక్కువని కొందరు, కుర్రకారు చూపంతా పోటీ కంపెనీ ఫెండర్ మీదికి మళ్లిందని ఇంకొందరు. కంపెనీ చివరికి రంగు మార్చి చూద్దామనుకుంది.

కిందటి భాగంలో గిటారిస్టు లెస్ పాల్‌ను న్యూయార్కులోని ఎపిఫోన్ ఫ్యాక్టరీలో వదిలిపెట్టాం. 1940 ప్రాంతంలో అక్కడ నాలుగంగుళాల పైన్ దుంగకు తీగలు, వాటి నాదాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు బిగించి, చూసేవాళ్లకు గిటారులా కనిపించాలని రెండు పక్కలా గిటారు రెక్కలు తగిలించాడాయన. ఆ దుంగను గిబ్సన్ వాళ్లకు చూపిస్తే పట్టించుకోలేదు. 1950లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో గుల్ల లేని గట్టిచెక్క గిటారును అమ్మడం మొదలెట్టాక గాని, గిబ్సన్‌కు లెస్ పాల్ గుర్తుకు రాలేదు. అధ్యక్షుడు టెడ్ మెక్‌కార్టీ హయాంలో తయారైన గిటారుకు ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆ గిటారు ఒళ్లు మహాగని చెక్క, దాని మీద మేపుల్ చెక్క అతుకు. బంగారు పూత కింద ఆ మేపుల్ ఎలా ఉన్నా ఎవరికీ కనపడేది కాదు. 1958లో బంగారు రంగు తీసేసి, నడుమ పసుపు, అంచుల్లో చెర్రీ ఎరుపు వచ్చేలా పారదర్శకంగా సన్‌బర్స్ట్ అనే రంగు కొట్టేసరికి లోపలి చెక్క బయటపడింది. ఒకే దుంగను నిలువునా చీల్చి, పుస్తకం తెరిచినట్టు రెండు సగాలను పక్కపక్కన అతికించారు. కొన్నింటిలో ఆ చెక్క నారలు అడ్డంగా అలలు తేలి ఉంటాయి. గిటారును వెలుగులో అటూఇటూ కదిపితే అలలు కూడా కదులుతాయి. కొన్నింట ఏ అలా లేదు, ఉత్త పలకే. ఏది ఎవరికి దక్కుతుందన్నది ఆ రోజు చేతికొచ్చిన చెక్కను బట్టి ఉండేది. ధర మాత్రం అన్నింటికీ ఒకటే, 1958లో 247 డాలర్ల 50 సెంట్లు.

రంగు మార్చినా ఫలితం పెద్దగా లేదు. 1960తో ఆ గిటారు తయారీ ఆపేశారు. 1961లో పల్చటి ఒళ్లు, రెండు కొమ్ములు ఉన్న కొత్త ఆకారం తెచ్చారు. అదే తర్వాత ఎస్‌జీ అయింది. ఆ కొత్త ఆకారం లెస్ పాల్‌కే నచ్చలేదు. 1963 నాటికి గిటారు మీద ఆయన పేరు కూడా పోయింది. మూడేళ్లలో తయారైన సన్‌బర్స్ట్ లెస్ పాల్‌లు పదిహేను వందల నుంచి పదిహేడు వందల మధ్య ఉంటాయని అంచనా. కంపెనీ లెక్కలో అదొక దెబ్బతిన్న బేరం. ఇవాళ వాటిలో ఒకటి చేతులు మారాలంటే లక్షల డాలర్లు కావాలి.

ఆ మార్పు ఎలా వచ్చిందన్నదే ఈ భాగం కథ. అందులో కాలమజూ వాళ్ల ప్రమేయం చాలా తక్కువ.

ముందుగా ఆ ఎరుపు సంగతి. గిబ్సన్ 1958, 59లలో వాడిన ఎరుపు రంగుకు ఎండ పొడ గిట్టదు. దుకాణం అద్దాల వెనక కొన్ని నెలలు వేలాడిన గిటారు మీద ఎరుపు మెల్లగా ఎగిరిపోయి తేనెరంగు, టీ రంగు, చివరికి నిమ్మపండు రంగు మిగిలేది. పెట్టెలో మూతపెట్టి మంచం కిందకు తోసినది మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. 1960లో కంపెనీ వెలిసిపోని ఎరుపుకు మారింది. ఎరుపు వెలిసిన తీరు దేనిది దానిదే గనక 1959 గిటార్లలో ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఇప్పుడు ఎవరైనా నిపుణుడు అలాంటి గిటారును చేతికి తీసుకుంటే మొదట చేసే పని, తీగల పక్కన ఉండే ప్లాస్టిక్ పలక స్క్రూలు విప్పి దాని కింద చూడడం. వెలుగు సోకని ఆ చోట కొత్తలో కొట్టిన ఎరుపు నీడ మిగిలి ఉంటుంది. పలక అంచు వెంట గీత గీసినట్టు, ఇటు నిమ్మపండు, అటు చెర్రీ. ఆ గీత లేకుండా ఒళ్లంతా ఒకే రంగులో ఉంటే, దానికి మళ్లీ రంగు కొట్టారేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

రెండోది సేత్ లవర్ అనే రేడియో పనివాడి కథ. అమెరికా నౌకాదళంలో చేసి, గిబ్సన్‌లో యాంప్లిఫయర్ల పని చూసేవాడు. అప్పటి పికప్‌లన్నీ ఒకే తీగచుట్టతో ఉండేవి, చుట్టుపక్కల కరెంటు లైన్ల రొదను కూడా అవి పట్టేసి గుయ్‌మనేవి. యాంప్‌ల పవర్ సప్లైలో ఆ రొదను చంపడానికి వాడే పద్ధతిని లవర్ గిటారుకు తెచ్చాడు. ఒక చుట్ట పక్కన మరో చుట్ట పెట్టి, చుట్టే దిశను, అయస్కాంత ధ్రువాన్ని రెండోదాంట్లో తిరగేశాడు. బయటి రొద రెండు చుట్టల్లోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ నాదం మాత్రం కలిసి బలపడుతుంది. 1955 జూన్ 22న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1959 జులై 28న మంజూరైంది. అప్పట్లో పికప్ అడుగున పేటెంటుకు దరఖాస్తు చేశామని చెప్పే చిన్న నల్ల స్టిక్కర్ అంటించారు. ఆ ఇంగ్లిషు మాటల తొలి అక్షరాలతోనే నేడు లోకమంతా దాన్ని పీఏఎఫ్ అంటోంది. ఆ తర్వాతి స్టిక్కర్ మీద గిబ్సన్ అచ్చేసిన పేటెంటు నంబరు అసలు ఆ పికప్‌దే కాదు. అది లెస్ పాల్ తీగల బిగింపుకు తీసుకున్న పేటెంటు నంబరు. పోటీ కంపెనీలను దారి తప్పించడానికేనని చెబుతారు.

పీఏఎఫ్ గురించి తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం ఆ ఫ్యాక్టరీ పద్ధతిలో ఉంది. రాగితీగ చుట్టే యంత్రాలు నిర్ణీత చుట్ల దగ్గర వాటంతట అవే ఆగేవి కావు. ఒక్కో చుట్టకు దాదాపు 5,000 చుట్లు పడాలి, కానీ బాబిన్ నిండిందని చేసేవాళ్లకు అనిపించినప్పుడు ఆపేవారు. అయస్కాంతాల్లోనూ రకరకాల గ్రేడులు కలిసిపోయేవి. నల్ల ప్లాస్టిక్ అయిపోతే క్రీమ్ రంగు బాబిన్లు వాడేశారు. పైన లోహపు మూత ఉంటుంది గనక ఎవరికి తెలుస్తుంది అనుకుని ఉంటారు. ఇప్పుడు ఆ మూత కింద రెండు బాబిన్లూ క్రీమ్ రంగువైతే సేకర్తలు విడిగా వేల డాలర్లు పెడతారు. రంగుకు స్వరంతో ఏ సంబంధమూ లేదు, అయినా పెడతారు. చుట్లలో తేడాకు మాత్రం స్వరంతో సంబంధం ఉంది. ఒక 1959 గిటారు గరగరలాడుతూ ముందుకు దూకితే, అదే ఏడాది అదే గదిలో తయారైన మరొకటి తియ్యగా పలకడానికి ఒక కారణం ఇదే.

ఈ గిటార్ల నుదుటిరాత మారింది లండన్‌లో. ఫ్రెడీ కింగ్ అనే నల్లజాతి బ్లూస్ వాద్యకారుడు రికార్డు అట్ట మీద బంగారు రంగు లెస్ పాల్ పట్టుకుని ఉండడం చూసి, ఇంగ్లిషు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1965లో అలాంటిదే వెతుక్కుని సెకండ్‌హ్యాండ్ సన్‌బర్స్ట్ ఒకటి కొన్నాడు. ఆ గిటారుకు జోడీగా దొరికింది మార్షల్ యాంప్.

జిమ్ మార్షల్ డ్రమ్ము పాఠాలు చెప్పుకునే మనిషి. పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో ఆయన పెట్టిన డ్రమ్ముల దుకాణానికి గిటారు కుర్రాళ్లు కూడా వచ్చేవారు. అమెరికా నుంచి దిగుమతయ్యే ఫెండర్ యాంప్‌లు వాళ్లకు అందని ధరలో ఉండేవి. 1962లో ఆయన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే ఇద్దరు ఫెండర్ బాస్‌మన్ యాంప్‌ను ముందు పెట్టుకుని దాని సర్క్యూట్‌నే దాదాపుగా అనుసరించి కొత్తదాన్ని తయారుచేశారు. బాస్‌మన్ అసలు బాస్ గిటారు కోసం పుట్టిన యాంప్. పది అంగుళాల స్పీకర్లు నాలుగు ఉండేవి దానికి. హాన్‌వెల్ నకలులో భాగాలు ఇంగ్లండులో దొరికేవి, స్పీకర్లు వేరు, ట్రాన్స్‌ఫార్మర్లు వేరు. కాస్త పోనిచ్చి పవర్ వాల్వులు కూడా మారి కేటీ66 వచ్చింది. ఆ చిన్నచిన్న తేడాలన్నీ కలిసి వేరే గొంతు పుట్టింది.

వాల్వు లోపల జరిగేదేమిటో ఇక్కడ చెప్పుకోవాలి. గాజు బుడ్డి లోపల గాలి తీసేసి ఉంటుంది. వేడెక్కిన క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి, వందల వోల్టుల మీద ఉన్న ప్లేటు వైపు పరుగెడతాయి. నడుమ ఉన్న జల్లెడలాంటి గ్రిడ్ మీదికి గిటారు సంకేతం వస్తుంది. ఆ బుల్లి సంకేతం ఈ పెద్ద ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. సంకేతం మోతాదు మించితే వాల్వు ఒక్కసారిగా చేతులెత్తేయదు. తరంగం శిఖరాలను మెల్లగా నొక్కిపెట్టి, అసలు స్వరంలో లేని అనుస్వరాలను కలుపుతుంది. వాయించేవాడి వేలు గట్టిగా పడితే బొంగురుపోతుంది, మెత్తగా పడితే తేటబడుతుంది. ఇంజినీర్లు లోపమని రాసుకున్న ఈ గుణాన్నే కుర్రాళ్లు సంగీతం చేసుకున్నారు. రెండు చుట్టల పీఏఎఫ్ పికప్ బలమైన సంకేతం పంపుతుంది గనక, యాంప్ ఆ స్థితికి తొందరగా చేరుతుంది.

1966 వసంతంలో వెస్ట్ హాంప్‌స్టెడ్‌లోని డెక్కా స్టూడియోలో, క్లాప్టన్ వాయించే జాన్ మేయల్ బృందం రికార్డింగు జరిగింది. క్లాప్టన్ తన మార్షల్‌ను కచేరీలో పెట్టినంత గట్టిగా పెట్టాడు. ఆ రోజుల్లో స్టూడియోలో యాంప్ గొంతు తగ్గించి, మైకును దగ్గర పెట్టడం ఆనవాయితీ. ఇంజినీరు గస్ డజన్‌కు గుండె గుభేలుమంది. తగ్గిస్తే తన స్వరమే పోతుందని క్లాప్టన్ పట్టుబట్టాడు, మైకునే దూరం జరపాల్సి వచ్చింది. జులైలో ఆల్బమ్ వచ్చింది. అది విన్న ప్రతి గిటారు వాద్యకారుడికీ గిబ్సన్ ఆపేసిన ఆ పాత గిటారే కావాలనిపించింది. అదే ఏడాది క్లాప్టన్ గిటారును ఎవరో ఎత్తుకుపోయారు. అది ఇప్పటికీ బహిరంగంగా బయటపడలేదు.

ఆ తర్వాత వేట మొదలైంది. చికాగో బ్లూస్ గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్ 1967లో తన 1954 బంగారు లెస్ పాల్‌నూ, దానిపైన 100 డాలర్లనూ ఇచ్చి డ్యాన్ ఎర్ల్‌వైన్ దగ్గర 1959 సన్‌బర్స్ట్ తీసుకున్నాడు. ఈ ఎర్ల్‌వైన్ తర్వాతి కాలంలో గిటారు మరమ్మతు మీద పుస్తకాలు రాసి, ఆ విద్యను దేశమంతటికీ నేర్పినవాడు. టెక్సస్ కుర్రాడు బిల్లీ గిబ్బన్స్ 1968లో 250 డాలర్లకు ఒకటి సంపాదించాడు. 1969లో ఇంగ్లిషు గిటారిస్టు జిమ్మీ పేజ్ తన గిటారును అమెరికా గిటారిస్టు జో వాల్ష్ దగ్గర కొన్నాడు. కాలమజూ వాళ్లు 1968లో లెస్ పాల్ తయారీ మళ్లీ మొదలెట్టినా పాతవాటి మీద మోజు తగ్గలేదు.

వీటన్నింటిలో అమెరికా గిటారిస్టు డ్వేన్ ఆల్‌మన్ చేసిన బేరం వేరు. 1957 బంగారు లెస్ పాల్‌తో ఆయన ఎన్నో రికార్డులు చేశాడు. 1970 సెప్టెంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఒక సన్‌బర్స్ట్ కనపడింది. దానికోసం బంగారు గిటారు, 200 డాలర్లు, ఒక మార్షల్ యాంప్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇచ్చే ముందు మాత్రం తన పికప్‌లు విప్పి కొత్తదాంట్లో పెట్టించుకుని, దాని పికప్‌లు పాతదానికి వేయించాడు. తన స్వరం ఎక్కడుందో ఆయనకు తెలుసు. 2019లో ఆ బంగారు గిటారు వేలంలో 12.5 లక్షల డాలర్లు పలికింది. పికప్‌లు ఆయన రికార్డుల నాటివి కావని తెలిసే కొన్నారు. ఇంత డబ్బు పోసి కొన్నది చెక్కను, ఒక చేతి జ్ఞాపకాన్ని.

నాష్‌విల్‌లో జార్జ్ గ్రూన్ 1970లో దుకాణం తెరిచేనాటికి పాత గిటార్లు మంచివన్న మాట వాద్యకారుల నోళ్లలో ఉంది గాని, ఏది ఏ ఏడాదిదో, ఏ భాగం అసలుదో తేల్చే పద్ధతి లేదు. ఆ పద్ధతిని ఆయనా, ఆయన తరం వర్తకులూ గిటారు గిటారునూ విప్పి చూస్తూ కూర్చారు. నేడు అది ఒక శాస్త్రం. మెడ పైకొస వెనక సిరాతో కొట్టిన సీరియల్ నంబరు 9తో మొదలైతే 1959. వాల్యూమ్ గుండీ కింద ఉండే పొటెన్షియోమీటర్ ఒంటి మీద తయారీదారు సంకేతం, ఏడాది, వారం అంకెల్లో ఉంటాయి. 1958లో తయారైన గిటారులో 1962 నాటి పొటెన్షియోమీటర్ కనపడితే ఎవరో వేలుపెట్టారన్నమాటే. అల్ట్రావయొలెట్ దీపం కింద పాత నైట్రోసెల్యులోజ్ పూత పసుపు పచ్చని మెరుపుతో వెలుగుతుంది. తర్వాత కొట్టిన పూత అలా వెలగదు. సోల్డరింగ్ ఎప్పుడైనా కరిగించి మళ్లీ పెట్టారా అన్నది భూతద్దంతో చూసేవాళ్లు తేల్చేస్తారు.

అందువల్ల ఈ రంగంలో బాగుచేయడం అంటే మెరిపించడం అనుకుంటే పొరపాటు. అరిగిన పూతను గీకి కొత్తగా రంగు కొడితే విలువ దాదాపు సగం పోతుందని వర్తకులు లెక్కగడతారు. గీతలు, బెల్టు బకిల్ గుచ్చిన గుంటలు, సిగరెట్ కాల్చిన మచ్చలు అలాగే ఉంచాలి. విరిగిన మెడను అతికించవచ్చు. గిబ్సన్ మెడ పైకొస 17 డిగ్రీలు వెనక్కి వంగి ఉండడం, సరిగ్గా అక్కడే చెక్కలో ఇనుప కడ్డీ కోసం తొలిచి ఉండడం వల్ల కిందపడితే అక్కడే విరుగుతుంది. అతికాక ఏమీ జరగనట్టు రంగు పులమడం తప్పు, అతుకు కనపడేలా వదిలి కాగితం మీద రాసివ్వడం మంచి పని.

ఇక్కడ ఒక దారుణం కూడా చెప్పాలి. సన్‌బర్స్ట్ ధరలు పెరిగేకొద్దీ 1952 నుంచి 1957 దాకా వచ్చిన బంగారు లెస్ పాల్‌లను గీకి, సన్‌బర్స్ట్ రంగు కొట్టి, పికప్‌లకు చోటు తొలిచి మార్చేయడం మొదలైంది. మార్చినట్టు చెప్పి అమ్మితే అది మోసం కాదు, వాయించడానికి అవి మంచి గిటార్లే. కానీ ఒక మంచి బంగారు గిటారు ఉనికి దాంతో శాశ్వతంగా పోయింది. ఆ పూత మళ్లీ రాదు, దాని కింద తొలిచిన చెక్క తిరిగి పెరగదు. మరో బేరానికి బలిగా ఇచ్చిన ఆ గిటార్లను చరిత్రకు జరిగిన నష్టంగానే లెక్కవేయాలి.

ఆగాల్సిన చోట ఆగితే ఏమవుతుందో పీటర్ గ్రీన్ గిటారు చూపిస్తుంది. క్లాప్టన్ తర్వాత మేయల్ బృందంలో చేరి, ఆపై ఫ్లీట్‌వుడ్ మాక్ పెట్టిన గ్రీన్, 1959 లెస్ పాల్ వాయించేవాడు. దాని రెండు పికప్‌లనూ కలిపి పెడితే ముక్కుతో పలికినట్టు, లోపల ఖాళీ ఉన్నట్టు ఒక వింత స్వరం వచ్చేది. మెడవైపు పికప్‌లోని అయస్కాంతం తిరగబడి ఉండడమే దానికి కారణం. రెండు పికప్‌ల సంకేతాలు ఎదురెదురై కొన్ని అనుస్వరాలను కొట్టేసేవి. లెక్క ప్రకారం అది తప్పు, ఒక చిన్న అయస్కాంత కడ్డీ తిప్పితే సరిపోయేది. 1970ల మొదట్లో గ్రీన్ దాన్ని యువ ఐరిష్ గిటారిస్టు గ్యారీ మూర్‌కు చాలా తక్కువకే ఇచ్చేశాడు. మూర్ 2006 దాకా ఉంచుకున్నాడు, 2014లో మెటాలికాకు చెందిన కర్క్ హామెట్ చేతికి వచ్చింది. ఇంతమంది వాయించారు, ఎవరూ ఆ అయస్కాంతాన్ని తిప్పలేదు. ఒకప్పటి పొరపాటును ఇంత శ్రద్ధగా కాపాడుకుంటూ రావడం ఈ రంగంలో ఉన్న గొప్ప పనుల్లో ఒకటి.

యాంప్‌ల విషయంలో, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలన్న ఈ నియమం సగమే పనిచేస్తుంది. గిటారు మీద గీత ఎవరినీ చంపదు, పాత యాంప్ చంపగలదు. వాల్వులకు ఇచ్చే 400 వోల్టులకు పైబడిన విద్యుత్తు, స్విచ్ ఆపేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. ఆ కెపాసిటర్ల లోపలి ద్రవం ఇరవై ముప్పై ఏళ్లకు ఎండిపోతుంది. మొదట హమ్ వస్తుంది, ఆ తర్వాత అవి పేలవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కాల్చేయవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ అసలుదైతే ఆ యాంప్ గొంతులో సగం అదే, కాలితే మళ్లీ దొరకదు. రెండు పిన్నుల పాత కరెంటు తీగను ఎర్తు ఉన్న మూడు తీగలదానికి మార్చకపోతే వాద్యకారుడి చేతికి షాకు తగిలే ప్రమాదం ఉంటుంది. మంచి పనివాడు తీసేసిన ప్రతి పాత భాగాన్నీ ఒక సంచిలో వేసి యాంప్ వెంటే ఇస్తాడు. ఇంకొందరు పాత కెపాసిటర్ అట్టగొట్టాన్ని ఖాళీ చేసి, లోపల కొత్తదాన్ని దూర్చి, చూసేందుకు 1959 లాగానే ఉంచుతారు. యాంప్‌ను ఏళ్ల తర్వాత మొదటిసారి పెట్టేటప్పుడు నేరుగా ప్లగ్గు గుచ్చరు. వేరియాక్ అనే పరికరం ద్వారా వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతూ, ఏదన్నా వాసన వస్తుందా, వేడెక్కుతుందా అని చూస్తూ పోతారు.

వాల్వులు అరిగిపోయే వస్తువులు. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో మల్లార్డ్, అమెరికాలో ఆర్‌సీఏ, జనరల్ ఎలక్ట్రిక్, జర్మనీలో టెలిఫంకెన్ వాటిని తయారుచేసేవి. ట్రాన్సిస్టర్ వచ్చాక అన్నీ ఒక్కొక్కటిగా ఆపేశాయి. గిటారు వాళ్ల అవసరం మీద బతికినవి రష్యాలోని సరతోవ్, స్లొవాకియాలోని చాద్సా, చైనా ఫ్యాక్టరీలు. సరతోవ్ ఫ్యాక్టరీ న్యూయార్కుకు చెందిన మైక్ మాథ్యూస్ సంస్థది. 2022 మార్చిలో రష్యా ఎగుమతుల మీద నిషేధం పెట్టేసరికి లోకమంతటా వాల్వుల ధరలు ఎగబాకాయి. ఎగుమతికి తిరిగి అనుమతి వచ్చేదాకా యాంప్ కంపెనీలు ఊపిరి బిగబట్టాయి.

ఈ పట్టీలో మన దేశం పేరు కూడా ఉంది. 1954లో పెట్టిన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, ఫిలిప్స్ పరిజ్ఞానంతో రేడియో వాల్వులు తయారుచేసింది. ఒకప్పుడు మన ఊళ్లలో వాల్వు రేడియో మూగబోతే పట్నంలోని రేడియో మెకానిక్ అట్టపెట్టెలోంచి తీసి బిగించిన ఈఎల్84, ఈసీసీ83 వాల్వుల్లో బెంగళూరువి చాలానే ఉండేవి. గిటారు యాంప్‌ల ముందు భాగంలో ఉండేదీ ఆ ఈసీసీ83 వాల్వే. మూతపడిన దుకాణాల్లో వాడకుండా మిగిలిన బెంగళూరు సరుకును ఇవాళ విదేశీ యాంప్ పనివాళ్లు ఏరి కొంటున్నారు.

గిబ్సన్ కథను ఇక్కడ ఆపుదాం. 1984లో కాలమజూలోని పార్సన్స్ స్ట్రీట్ ఫ్యాక్టరీ మూతపడింది, కంపెనీ వెంట నాష్‌విల్‌కు వెళ్లడం ఇష్టం లేని పనివాళ్లు కొందరు మరుసటి ఏడాది అదే భవనంలో హెరిటేజ్ పేరుతో గిటార్లు చేయడం మొదలెట్టారు. వచ్చే భాగం 1965 జనవరిలో మొదలవుతుంది. లియో ఫెండర్ తన కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు సీబీఎస్ టెలివిజన్ సంస్థకు అమ్మేశాడు. ఆ తేదీకి ముందు, తర్వాత అని గిటార్లను విడదీసి ధర కట్టే అలవాటు ఎలా వచ్చిందో అందులో.